ముబీరు అడిగిన పుస్తకం

అట్ట దేనితో వెయ్యాలన్న దగ్గర వచ్చింది పేచీ.

అప్పటికి తియోపిస్తా కాగితాలన్నీ వరసగా పేర్చి, దబ్బనంతో బెజ్జాలు పొడిచి, అరటినారతో గట్టిగా కుట్టేసింది. ఎండిన అరటిపట్టల్ని సన్నగా చీల్చి, నల్లవి ఒకవైపు, గోధుమరంగువి ఒకవైపు విడదీసి, కర్రపెండలం గంజితో ప్రతి పుట అంచునా చాప అల్లికలా అంటించింది. కొన్ని పుటల మూలల్లో ఎర్రగింజలు కుట్టింది. లోపల రాయవలసింది రాయడం కూడా చాలావరకు అయింది. ఇక పైన అట్ట మిగిలింది. ఆమె మూలనున్న రేకుపెట్టె తెరిచి చెట్టుబెరడు బట్ట ముక్క ఒకటి బయటికి తీసింది. ఇటుకరంగు ముక్క, చేతికి మెత్తగా తగిలింది.

గడపలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్న ఆడపడుచు స్పెరాంజా అది చూసి చేతిలో కాయ కింద పెట్టేసింది.

"ఆ ముక్క ఎక్కడిది?"

"ఇంట్లోదే."

"ఇంట్లోదని నాకూ తెలుసు. మా తమ్ముణ్ణి చుట్టగా మిగిలిన ముక్కేనా?"

"అదే."

"నీకేమన్నా మతి పోయిందా తియో? శవానికి చుట్టిన బట్ట పిల్లదాని పుస్తకానికా?"

"చుట్టింది కాదు వదినా, మిగిలింది. పట్టాభిషేకంనాడు రాజుగారు కట్టుకున్నదీ ఈ బట్టే. ఆయనకి లేని పట్టింపు నీకెందుకు?"

"రాజుగారికైతే దిష్టి తియ్యడానికి ఊరంతా ఉంది. నీకెవరున్నారు, నేను తప్ప?"

తియోపిస్తా నవ్వింది గానీ ముక్క లోపల పెట్టలేదు. కత్తెర అందుకుని కొలత చూసుకోసాగింది. స్పెరాంజా నోట్లో ఏదో గొణుక్కుని మళ్ళీ కాయల్లో పడింది.

ఆ రోజుల్లో క్యోటెరా చుట్టుపక్కల అరటితోటలో కొత్త మట్టిదిబ్బ లేని ఇల్లు లేదు. ఆ జబ్బు పేరు నోటితో అనడానికి ఇష్టపడక జనం సన్నజబ్బు అనేవారు. దానికి మందు ఎక్కడో తెల్లవాళ్ళ దేశాల్లో ఉందని రేడియోలో చెప్పారు, అంతే. తియోపిస్తా మొగుడు దెయో తాపీ మేస్త్రీ. ఊళ్ళో ఇటుకగోడల ఇళ్ళు సగం అతను కట్టినవే. నిచ్చెన ఎక్కలేనంతగా చిక్కిపోయి, చివరికి తను కట్టుకున్న ఇంట్లోనే మంచంలో పోయాడు. అప్పటికి పెద్దపిల్ల నన్‌ఫుకా ఆరేళ్ళది. ముబీరు కడుపులో ఉన్నాడు.

తనకూ వచ్చిందని తెలిశాక తియోపిస్తా చర్చి పాకలో జరిగే ఆడవాళ్ళ కూటానికి వెళ్ళడం మొదలుపెట్టింది. దాన్ని నడిపే ఇమెల్డా ఒకప్పుడు మంత్రసాని పని చేసిన మనిషి. ఆమె మాట మెత్తగా ఉండదు. "మనం పోతాం. అందులో దాచేదేం లేదు. పిల్లలు మిగులుతారు. వాళ్ళ తెగ ఏది, తాత సమాధి ఎక్కడ, వాళ్ళమ్మ ఎలా నవ్వేది, ఇవేవీ చెప్పేవాళ్ళుండరు. రాసి పెట్టండి. ఊరికే రాస్తే పిల్లలు తెరవరు, అందంగా చెయ్యండి," అని అందరికీ కాగితాలు పంచింది. తియోపిస్తాకి ఇద్దరు పిల్లలకీ సరిపడా ఇచ్చింది.

ఆ కాగితాలన్నీ తియోపిస్తా ఒక్క పుస్తకానికే కుట్టేసింది.

ఎందుకలా చేసిందో ఎవరూ అడగలేదు. ముబీరుని ఒకసారి చూసినవాళ్ళకి అడగవలసిన అవసరం లేదు. వాడికి ఆరేళ్ళు వస్తున్నా చూస్తే నాలుగేళ్ళవాడిలా ఉండేవాడు. నోటి మూలల్లో పుళ్ళు మానేవి కావు. దగ్గు తగ్గితే విరేచనాలు, అవి కడితే జ్వరం. ఒంట్లో ఓపిక ఉన్న రోజున మాత్రం వాడంత సందడి ఇంకెవరూ చెయ్యలేరు. తారురోడ్డు పక్కన నిలబడి, వచ్చే పోయే టాక్సీ వాన్ల కండక్టర్లలా గొంతు పెట్టి, "మసాకా, మసాకా, ఒక్క సీటే, కూర్చో మామ్మా, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకో," అని అరిచేవాడు. నిజంగానే ఒకసారి ఒక ముసలమ్మ సంచీతో వచ్చి వాడి పక్కన నిలబడి ఎదురుచూసింది.

అట్ట వేసి ఆరబెట్టిన పుస్తకాన్ని వాడు చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది అక్కదా?"

"అక్కదే."

"నాదేదీ?"

"నీది తర్వాత. కాగితం అయిపోయింది."

అప్పట్నుంచి ఇమెల్డా కూటం జరిగిన ప్రతిసారీ వాడు తల్లికి ఎదురెళ్ళి సంచీలోకి తొంగిచూసేవాడు. "కాగితం ఇచ్చిందా?" ఇవ్వలేదని చెప్పడం తియోపిస్తాకి అలవాటైపోయింది. ఆమె అసలు అడగనేలేదు.

ఒకరోజు మధ్యాహ్నం తియోపిస్తా, స్పెరాంజా అరటికాయలు చెక్కు తీస్తూ కూర్చున్నారు. ముబీరు వచ్చి మళ్ళీ అదే మాట అడిగి, తల్లి మళ్ళీ అదే అబద్ధం చెప్పాక, మెల్లిగా ఇంటి వెనక్కి వెళ్ళిపోయాడు.

"లేదని ఒక్కసారి చెప్పెయ్యరాదూ? రోజూ ఈ నాటకం దేనికి?" అంది స్పెరాంజా. "వాడు చదువు నేర్చేదాకా ఉంటాడా ఏమన్నా? ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే తప్పులేదు."

తియోపిస్తా చేతిలో చాకు నేలకేసి కొట్టింది.

"నీ నోట్లో నాలుకా, తాటిమట్టా వదినా? ఎవరి గురించి ఏం మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలిసే మాట్లాడుతున్నాను. నేను అనకపోతే నువ్వు అనుకోవడం లేదా?"

ఆ మాట తియోపిస్తా కడుపులోంచి తీసి ఎవరో ఎదురుగా పెట్టినట్టయింది. ఆమె లేచి ఇంటి వెనక్కి వెళ్ళింది. ముబీరు గోడకి ఆనుకుని, పుల్లతో మట్టిలో గీతలు గీస్తున్నాడు. ఆ గోడకి ఇవతల మాట్లాడే ప్రతి మాటా అవతలికి వినపడుతుంది.

వాడు తలెత్తలేదు.

"అమ్మా, చదవడం వచ్చేదాకా ఉండకపోతే బొమ్మలు చూడచ్చు కదా? నాకు రాత వద్దు. బొమ్మలు పెట్టు చాలు."

తియోపిస్తా పక్కన కూర్చుని వాడి వీపు మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత ముఖం కడుక్కుని, వాణ్ణి ఎత్తుకుని, ఇమెల్డా ఇంటికి నడిచింది.

ఇమెల్డా కాగితాలు ఇస్తూ, "ముందే ఇచ్చాను కదా నీకు," అంది. తియోపిస్తా తలవంచుకుంది. ఇమెల్డా సబ్బు పెట్టెలు చుట్టొచ్చిన నీలం కాగితాలు కూడా కొన్ని ముబీరు చేతికిచ్చింది.

పుస్తకం పని మొదలుపెట్టాక గాని తియోపిస్తాకి అసలు కష్టం తెలియలేదు. కూతురి పుస్తకంలో రాయడానికి మాటలు వాటంతటవే వచ్చాయి. నన్‌ఫుకా ఏ వేళ పుట్టింది, మొదట ఏ మాట పలికింది, దెయో దాన్ని భుజాన వేసుకుని ఏ సంతకి తీసుకెళ్ళాడు, అన్నీ కళ్ళకి కట్టినట్టున్నాయి. ముబీరు పుస్తకంలో 'నువ్వు మొదటి అడుగు వేసింది' అని రాసి ఆగిపోయింది. ఎప్పుడు వేశాడు? ఎక్కడ? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. వాడు కొన్నాళ్ళకే పోతాడని పుట్టినప్పుడే అనుకుంది. పోయేవాడి మీద ప్రేమ పెంచుకుంటే తట్టుకోలేనని, పాలిచ్చి పడుకోబెట్టి మొహం పక్కకి తిప్పుకునేది. ఆ తిప్పుకున్న రోజుల్లోనే వాడు బోర్లాపడ్డాడు, పాకాడు, నడిచాడు.

"నన్‌ఫుకా," అని పిలిచింది. "తమ్ముడు మొదట నడిచిందెప్పుడే?"

నన్‌ఫుకా బట్టలు ఆరేస్తోంది. వెనక్కి తిరగకుండానే, "పనసచెట్టు దగ్గర. నేను కాయ కోస్తుంటే వెనకనించి వచ్చి నా గౌను పట్టుకున్నాడు. కాయ వాడి నెత్తిమీద పడేదే," అంది.

"మొదట పలికిందేమిటి?"

"ఇంకా."

"ఇంకా ఏమిటి?"

"ఇంకా అనే మాటే. గంజి పోస్తే ఇంకా అన్నాడు."

తియోపిస్తా ఒక్కొక్కటే అడుగుతూ వచ్చింది, కూతురు చెబుతూ వచ్చింది. తల్లి కన్న కొడుకుని పెంచింది ఈ పిల్ల అని ఆ రోజు ఆమెకి తెలిసింది. కూతురు చెప్పింది చెప్పినట్టే రాసుకుంటూ పోయింది.

బొమ్మల సంగతి ముబీరే చూసుకున్నాడు. తెల్లకాగితం మీద టాక్సీ వాన్ కావాలన్నాడు. నడుముకి నీలం గళ్ళ పట్టీ ఉండాలన్నాడు, సబ్బు కాగితం అందుకే. చక్రాలు మాత్రం గీస్తే ఒప్పుకోలేదు.

"సీసా మూతలు పెట్టు."

"మూతలు పెడితే పుస్తకం మూసుకోదురా."

"వాన్‌కి తలుపు కూడా మూసుకోదు. కండక్టరు చేత్తో పట్టుకుంటాడు. నేనూ పట్టుకుంటాను."

పొలిమేర సారాకొట్టు ముందు ఏరుకొచ్చిన మూతల్ని సుత్తితో చదును చేసి, బెజ్జాలు పొడిచి, నారతో కుట్టింది. పుస్తకం నిజంగానే కప్పలా నోరు తెరుచుకుని ఉండిపోయింది. ముబీరు దాన్ని చంకలో పెట్టుకుని ఊరంతా తిప్పాడు.

చిక్కంతా ఫొటో దగ్గర వచ్చింది. దెయోది ఒకటే ఫొటో ఉంది. పెళ్ళైన కొత్తలో మసాకాలో తీయించుకున్నది. వెనక తెరమీద రంగులతో వేసిన విమానం, దాని ముందు కోటు తొడుక్కున్న దెయో, పక్కన తియోపిస్తా. అది నన్‌ఫుకా పుస్తకంలో మొదటి పుటలో అంటించి ఉంది.

"నాన్న నాకూ కావాలి," అన్నాడు ముబీరు. "నేను చూడనేలేదు. అక్క చూసింది."

నన్‌ఫుకా పుస్తకాన్ని గుండెలకి హత్తుకుంది. "ఇది నాది. ఇవ్వను."

"సగం చేద్దాం. విమానం తల నాకు, తోక నీకు."

"నోర్ముయ్. నీకెలాగూ నాన్న తెలియదు. నాకు తెలుసు. నాకే గుర్తులేకుండా పోతున్నాడు."

తియోపిస్తా కూతుర్ని దగ్గరికి తీసుకుని బతిమాలింది. "నాన్న సగం తమ్ముడికిద్దాం, అమ్మ సగం నువ్వు ఉంచుకో."

"నువ్వు రోజూ కనిపిస్తూనే ఉన్నావు. నీ ఫొటో నాకెందుకు?"

"రేపు కనపడను కదమ్మా."

నన్‌ఫుకా ఆ మాటకి ఏడవలేదు. పుస్తకం తల్లి ఒళ్ళో పడేసి బయటికి వెళ్ళిపోయింది. తియోపిస్తా తడిగుడ్డతో గంజి నానబెట్టి, ఫొటో ఊడదీసి, మధ్యకి కత్తిరించింది. కత్తెర దెయో మోచేతి మీదుగా పోయింది. ఆ ఫొటోలో అతని చెయ్యి ఆమె చేతిని పట్టుకుని ఉంది. ముబీరు పుటలో నాన్న పడ్డాడు, చెయ్యి మాత్రం అక్క పుస్తకంలోనే ఉండిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళు నన్‌ఫుకా తన పుస్తకం ముట్టుకోలేదు. తమ్ముడితోనూ ముక్తసరిగా మాట్లాడేది.

పెద్దవానలు మొదలైన వారంలో ముబీరుకి విరేచనాలు పట్టుకున్నాయి. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు పోస్తే పోసినంత బయటికే వచ్చింది. స్పెరాంజా వచ్చి పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని, "నువ్వు మిషన్ ఆసుపత్రికి వెళ్ళిరా. నేనుంటాను," అంది. తియోపిస్తా బురదలో జారుతూ నడిచి వెళ్ళింది. అక్కడ మందులగది కిటికీలో కూర్చున్న అమ్మాయి, సెలైన్ సీసాలు లేవనీ, లారీ రోడ్డులో కూరుకుపోయిందనీ, రేపు రమ్మనీ చెప్పింది. తియోపిస్తా తిరుగుముఖం పట్టింది.

మలుపు తిరగ్గానే వాకిట్లో పొగ కనిపించింది. వర్షం వెలిసిన పగటివేళ వాకిట్లో దుంగలు పెట్టి నిప్పు ఎందుకు వేస్తారో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆడవాళ్ళు నడుములకి గుడ్డలు బిగించి అరటిచెట్ల కింద కూర్చున్నారు. ఆమె పరిగెత్తలేదు. కాళ్ళ బురద గడ్డికి రుద్దుకుని, లోపలికి వెళ్ళింది.

వాడు ఇంకా స్పెరాంజా ఒళ్ళోనే ఉన్నాడు.

"బాధపడలేదు," అంది స్పెరాంజా. "నీళ్ళడిగాడు. తాగాడు. ఇంకా అన్నాడు."

మర్నాడు పొద్దున్న దెయో పక్కనే గొయ్యి తవ్వారు. ఎవరి ఇంటినుంచి వాళ్ళు బెరడుబట్టలు తెచ్చి ఇచ్చారు. చిన్న ఒళ్ళు కావడంతో అవన్నీ చుట్టేసరికి పిల్లాడు ఎక్కడున్నాడో తెలియనంత మూటయింది. ముఖం మూసేముందు చర్చి ఉపదేశి ప్రార్థన చెప్పాడు. అప్పుడు పొరుగింటి ముసలావిడ, "ఆ పుస్తకం కూడా వాడితో పెట్టెయ్యండి. ఇంట్లో ఉంటే తల్లి చూసి చూసి కుళ్ళిపోతుంది," అంది.

"వద్దు," అంది తియోపిస్తా. పుస్తకం ఆమె చేతుల్లోనే ఉంది. "వాడిదంటూ మిగిలింది ఇదొక్కటే. వాళ్ళ నాన్న ఫొటో ఉంది ఇందులో. అది నన్‌ఫుకాకి ఇవ్వాలి."

అందరూ నన్‌ఫుకా వైపు చూశారు. ఆ పిల్ల గొయ్యి అంచున నిలబడి ఉంది.

"వాడితోనే ఉంచమ్మా," అంది. "వాడు నాన్నని చూడలేదు కదా. అక్కడ ఏది చూసి గుర్తుపడతాడు?"

తియోపిస్తా చేతుల్లోంచి పుస్తకాన్ని స్పెరాంజా అందుకుంది. సీసామూతలు చప్పుడు కాకుండా అరచేత్తో నొక్కిపట్టి, గుడ్డ మడతలు విప్పి, పిల్లాడి గుండెల మీద పెట్టి, మళ్ళీ చుట్టింది.

ఆ తర్వాత తియోపిస్తా కూటానికి వెళ్ళడం మానేసింది. ఒంట్లో శక్తి కూడా తగ్గిపోయింది. నన్‌ఫుకా బడి నుంచి వచ్చి వంట చేసి, తల్లికి పెట్టి, తను తినేది. తన పుస్తకాన్ని మాత్రం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఖాళీగా ఉన్న ఒక పుటలో తన చేతిరాతతోనే ముబీరు సంగతులు రాసింది. పనసకాయ సంగతి, సంచీతో ఎదురుచూసిన ముసలమ్మ సంగతి. తల్లి అది చదివి, పుస్తకం మూసి, గోడవైపు తిరిగి పడుకుంది.

వానలు వెనకబట్టాక ఒకరోజు స్పెరాంజా తోటకూర కట్టతో వచ్చింది. ఎంతసేపటికీ వచ్చిన పని చెప్పలేదు. మేక ఈనిందన్న సంగతీ, రోడ్డు మరమ్మతు సంగతీ అయ్యాక, "ఆ గంజి ఎంత చిక్కగా కాస్తావు?" అంది.

"ఏ గంజి?"

"కాగితాలకి రాసేది."

తియోపిస్తా చాపమీదనుంచి లేచి కూర్చుంది. "దేనికి వదినా?"

స్పెరాంజా రవికె అంచు పైకెత్తి పక్కకి తిరిగింది. నడుం చుట్టూ సగం దాకా పట్టీ కట్టినట్టు ఎర్రగా సర్పి లేచి ఉంది. దెయోకి కూడా మొదట లేచింది అదే. ఆ ఊళ్ళో సర్పి చూసి తెలుసుకోలేనివాళ్ళు లేరు.

"పరీక్ష చేయించుకున్నావా?"

"చేయించుకున్నా. మా ఆయనకి ముందే తెలుసుట. నాకు చెప్పలేదు. ఇప్పుడు మొహం చాటేసి రెండోదాని దగ్గర పడుకుంటున్నాడు. దానికీ చెప్పుండడు." స్పెరాంజా రవికె దించుకుంది. "నాకు ఐదుగురు పిల్లలు తియో. రాత రాదు నాకు. ఎలా చేస్తానో ఏమో."

తియోపిస్తా నన్‌ఫుకా పుస్తకం తీసింది. ఎర్రగింజలు గుండ్రంగా కుట్టిన పుట ఒకటుంది. 'నేను లేనప్పుడు నిన్ను చూసుకునేది' అని పైన రాసి, కింద మేనత్త స్పెరాంజా పేరు పెద్ద అక్షరాలతో రాసింది. స్పెరాంజాకి చదవడం రాకపోయినా ఆ పుట ఏమిటో తెలుసు, రాసిన రోజునే తియోపిస్తా చదివి వినిపించింది.

"కొట్టెయ్యనా?" అంది తియోపిస్తా.

"ఉంచు. ఉన్నన్నాళ్ళూ నేనే."

"తర్వాతో?"

"తర్వాత ఆరుగురూ ఒకచోటే ఉంటారు. ఈ ఇంట్లో. దెయో కట్టిన గోడలు గట్టివి, నా కొంపలా కారదు. మా పెద్దాడు సెబ్యాలాకి పదిహేడు నిండుతాయి. తోట చూసుకుంటాడు. నీ కూతురు వండుతుంది. ఇంతకంటే నాకేం తోచడం లేదు. నీకేమన్నా తోస్తే చెప్పు."



మర్నాటినుంచి తియోపిస్తా నన్‌ఫుకా పుస్తకంలో వేరే సంగతులు రాయడం మొదలుపెట్టింది. అరటి మొదలు దగ్గర ఎన్ని పిలకలు ఉంచాలి, తోటకి హద్దు ఏ చెట్టు దాకా, ఏ చిన్నాన్న కాగితం తెచ్చినా వేలిముద్ర వెయ్యకూడదు, జ్వరం వస్తే ఏ ఆకు కాచాలి, ఆడపిల్లకి రావలసింది వచ్చినప్పుడు ఎవరికి చెప్పుకోవాలి. ఈ పుటలకి అంచులు కట్టలేదు, గింజలు కుట్టలేదు. అక్షరాలు వంకర్లు పోతున్నా ఆపలేదు. ఆ ఎండలు ముదిరేదాకా ఆమె బతికింది.

అంతవరకూ స్పెరాంజా సాయంత్రాలు వచ్చేది. నన్‌ఫుకా వాకిట్లో చాప పరిచి, గంజిగిన్నె మధ్యలో పెట్టేది. తియోపిస్తా గోడకి ఆనుకుని కూర్చుని వినేది.

"అత్తా, అంత గంజి పులమకు. కాగితం ముడతలు పడుతుంది."

"పడనీ. నా మొహం కంటే ముడతలా?"

"సరే, ఇక చెప్పు. సెబ్యాలా బావ పుట్టినప్పుడు ఏమైంది?"

"ఏమవుతుంది, చచ్చి బతికాను. రాయి. సంత నుంచి వస్తుంటే నొప్పులొచ్చాయి. చేపల బుట్ట నెత్తిమీదుంది. దింపే మనిషి లేడు. బుట్టతోనే నడిచాను. ఇల్లు చేరేసరికి వాడి తల బయటికొచ్చింది. మీ మామయ్య చూసి మూర్ఛపోయాడు, నేనే నీళ్ళు కొట్టి లేపాను. చేపలు పిల్లి తినిపోయింది. రాస్తున్నావా?"

"మెల్లిగా అత్తా. ఇంకా చేపల బుట్ట దగ్గరే ఉన్నాను."